పేక ఎవరిది?

తెలుగులో ‘పేక’ అనే మాటకు రెండర్థాలున్నాయి. మగ్గం మీద నిలువుగా ఉండే నూలు పడుగు అయితే, దానికి అడ్డంగా పోయే నూలు పేక. ఆడుకునే ముక్క కూడా పేకే. మా సోలాపూర్ ఇళ్ళల్లో మొదటి అర్థమే వాడుకలో ఉంది. ఆడే ముక్కల్ని మేం పత్తలంటాం, మరాఠీలోనూ పత్తే అనే అంటారు. హాస్టల్‌కి వచ్చిన కొత్తలో ఒక సీనియర్ అక్క “ఆదివారం పేకాడుకుందాం రా” అని పిలిస్తే నాకు ముందు మా వీధిలో సాంచల చప్పుడే వినిపించింది. ఇప్పుడు రెండర్థాలూ అలవాటయ్యాయి. ఈ వ్యాసంలో రెండింటితోనూ పనుంది.

విషయం ఇది. మా గల్లీలో పిల్లలు ఒక కథల ఆట ఆడతారు. ఆ ఆటలోకి పోయిన ఎండాకాలం దుకాణంలో దొరికే పాకెట్ కార్డులు వచ్చిపడ్డాయి. పాకెట్ చింపేదాకా లోపల ఏ కార్డుందో తెలియని రకం. డబ్బు పెట్టి కొన్న అదృష్టాన్ని అందరూ కలిసి అల్లుకునే కథలోకి తేవచ్చా? తెస్తే ఆ కథ ఎవరిదవుతుంది? చిన్నపిల్లల ఆటే కదా అని తీసిపారేయకండి. ఈ ప్రశ్న మీద మా అరుగు మీద నాలుగు రోజులు మాటలు బంద్ అయ్యాయి.

అశోక్ చౌక్ చూడనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. సోలాపూర్ మహారాష్ట్రలో, కర్ణాటక సరిహద్దుకు దగ్గర్లో ఉంది. హైదరాబాద్ నుంచి జహీరాబాద్, హుమ్నాబాద్, నల్దుర్గ్ మీదుగా వెళ్ళాలి. ఊరికి తూర్పున ఉన్న పేటల్ని అక్కడ పూర్వ భాగ్ అంటారు. అక్కడ తెలుగువాళ్ళే ఎక్కువ, వాళ్ళల్లో పద్మశాలీలు ఎక్కువ. కరీంనగర్, వరంగల్, నల్లగొండ వైపు నుంచి మగ్గాల మీద, మిల్లుల్లో పని వెతుక్కుంటూ వచ్చి స్థిరపడినవాళ్ళు. రాఖీ పున్నమి నాడు మార్కండేయుడి రథం వీధుల్లో తిరుగుతుంది. కార్ఖానాల్లో సాంచల మీద టవళ్ళు, చద్దర్లు నేస్తారు. చాలా ఇళ్ళల్లో ఆడవాళ్ళు చాట ముందు పెట్టుకుని బీడీలు చుడతారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే మరాఠీ. మా తమ్ముడైతే ఒకే వాక్యంలో రెండూ కానిచ్చేస్తాడు.

సోలాపూర్ చద్దర్ మీద ఒక నెమలి కనిపిస్తే దాని వెనక కార్డులుంటాయి. సాంచ పైన జకార్డ్ అనే యంత్రాన్ని బిగిస్తారు. ఫ్రాన్స్‌లోని లియోన్ నగరంలో జోసెఫ్ మరీ జకార్డ్ 1804 ప్రాంతంలో తయారుచేసిన పద్ధతి అది. గట్టి అట్ట పట్టీలకు చిల్లులు కొట్టి, వరుసగా దారంతో కుట్టి, దండలాగా యంత్రం మీద వేస్తారు. ఒక్కో పేక పోగుకు ఒక్కో పట్టీ. చిల్లు ఉన్నచోట పడుగు పోగు పైకి లేస్తుంది, లేనిచోట కిందనే ఉంటుంది. పట్టీల వరుస తప్పితే నెమలి మెడ విరిగినట్టు వస్తుంది. అంటే మా వీధిలో కార్డు అంటే ముందే రాసిపెట్టిన వరుస. అదృష్టానికి అందులో చోటు లేదు. ఇప్పుడు కొన్ని కార్ఖానాల్లో కంప్యూటర్ జకార్డులు వచ్చాయి. పాత అట్ట పట్టీలు భంగార్‌కు పోతున్నాయి. మరాఠీలో తుక్కును భంగార్ అంటారు, బంగారం అనుకునేరు.

ఇక ఆట సంగతి. ఇంగ్లిష్‌లో దీన్ని రోల్ ప్లేయింగ్ గేమ్ అంటారు. బోర్డు ఉండి తీరాలని లేదు, గెలిచేవాళ్ళు ఓడేవాళ్ళు ఉండరు. ఒకరు కథ నడుపుతారు, మిగతావాళ్ళు తలా ఒక పాత్ర తీసుకుంటారు. “మీ ముందు వాగు పొంగుతోంది, ఏం చేస్తారు?” అని కథ నడిపే మనిషి అడుగుతుంది. ఒక్కొక్కరూ తమ పాత్ర ఏం చేస్తుందో చెప్తారు. ఆ ఉపాయం పారుతుందో లేదో తేలనప్పుడు పాచిక వేస్తారు. 1974లో అమెరికాలో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు డంజన్స్ అండ్ డ్రాగన్స్ పేరుతో ఇలాంటి ఆటను అచ్చువేశారు. స్ట్రేంజర్ థింగ్స్ సీరియల్‌లో పిల్లలు బల్ల చుట్టూ కూర్చుని ఆడేది అదే.

మా గల్లీకి దాన్ని తెచ్చింది పుణెలో ఉద్యోగం చేసే మా పెద్దనాన్న కొడుకు. అన్నయ్య ఇరవై ముఖాల పాచిక ఒకటి మా తమ్ముడి చేతిలో పెట్టి, రెండు సాయంత్రాలు ఆడించి, మూడో రోజు పొద్దున్నే బస్సెక్కేశాడు. సెలవులకు నేను ఇంటికి వెళ్ళగానే కథ నడిపే పని నా మీద పడింది. తెలుగు చదువుతున్నాను కదా, కథలు చెప్పడం రాకపోతే ఎట్లా అని వాళ్ళ వాదన.

గుహలు, డ్రాగన్లు మాకు రెండు రోజుల్లో మొహం మొత్తాయి. అప్పుడు మా నాయనమ్మ చెప్పే కథనే తీసుకున్నాం. కరీంనగర్ వైపు ఒక ఊరి నుంచి నాలుగు కుటుంబాలు ఎడ్లబండ్ల మీద షోలాపూర్‌కు బయల్దేరతాయి. నిజాం రాజ్యం దాటి ఇంగ్లిషువాళ్ళ ఇలాకాలోకి రావాలి. దారిలో మంజీర ఉంది, నల్దుర్గ్ కోట ఉంది, సరిహద్దు దగ్గర నిజాం సర్కారు సుంకం వసూలు చేసే కరోడ్‌గిరి నాకా ఉంది. ఆడేవాళ్ళు ఆరుగురు, పదేళ్ళ నుంచి పదమూడేళ్ళ లోపు పిల్లలు. పాత్రలు కూడా ఆరు: బండి తోలేవాడు, నేతగాడు, మంత్రసాని, పాటగాడు, సుంకం ఎగ్గొట్టే వర్తకుడు, ఇంట్లో చెప్పకుండా బండెక్కిన పిల్లవాడు. సాయంత్రం ఎండ తగ్గాక అరుగు మీద పాత చద్దర్ పరిచి కూర్చుంటే దీపాలు పెట్టేదాకా ఎవరూ లేచేవాళ్ళు కాదు.

పోయిన ఎండాకాలం ఇందులోకి కార్డులు వచ్చాయి. పది రూపాయల పాకెట్‌లో అయిదు కార్డులు. టీవీ కార్టూన్లలో కనిపించేలాంటి జంతువుల బొమ్మలు, మూలన ఒక అంకె, అడుగున తప్పుల ఇంగ్లిష్‌లో ఒక వాక్యం. పాకెట్ మీద కంపెనీ పేరు కూడా ఉండదు. చాలా కార్డులకు 40, 60 అని ఉంటుంది. కొన్నింటికి 120. ఎప్పుడో ఒకసారి తళతళలాడే బంగారు రంగు కార్డు వస్తుంది, దాని అంకె 300. బడి దగ్గర పిల్లలు వీటిని ఎదురెదురుగా పెట్టి ఎవరి అంకె పెద్దదైతే వాళ్ళు గెలిచినట్టు ఆడతారు. ఒకరోజు మా వాళ్ళు అరుగు మీదికి తెచ్చి అడిగారు: “తాయీ, పాచిక బదులు కార్డు వేస్తే ఏమైతది?”

మొదట్లో బాగానే ఉంది. పాచిక వేస్తే అంకె ఒక్కటే వస్తుంది, కార్డు వేస్తే బొమ్మ కూడా వస్తుంది. పాకెట్ చింపేటప్పుడు ఆరు తలకాయలు ఒక్కచోట చేరేవి. ఆ క్షణంలో ఉండే ఉత్కంఠ పాచికలో లేదు, ఆ మాట ఒప్పుకోవాలి.

పేచీ మంజీర దగ్గర వచ్చింది. కథలో వాన కురిసి నది పొంగింది. బండ్లు ఆగిపోయాయి. “ఏం చేస్తారు?” అని అడిగాను. బండి తోలేవాడి పాత్ర వేసే అబ్బాయి జేబులోంచి బంగారు కార్డు తీసి చద్దర్ మీద కొట్టాడు. “నాది మూడొందలు. నది ఎండిపోయింది. అందరం దాటినం.”

మంత్రసాని పాత్ర వేసే అమ్మాయి నా వైపు చూసింది. “అంతేనా అక్కా? నేను చెప్పేది ఇంక చెప్పనే లేదు.”

ఆ అమ్మాయి దగ్గర ఒక్క కార్డు కూడా లేదు. వాళ్ళమ్మ బీడీలు చుడుతుంది, బడి నుంచి వచ్చాక తను కూర్చుని దారాలు కడుతుంది. కట్టకు ఇరవై అయిదు బీడీలు. పది రూపాయలంటే ఎన్ని కట్టలో నాకన్నా తనకే బాగా తెలుసు. మర్నాడు అరుగు చివర కూర్చుంది. దాని మర్నాడు “నాకు పనుంది” అని లేచి వెళ్ళిపోయింది. ఎవరూ తనని వెళ్ళిపొమ్మనలేదు. కానీ ఎప్పుడు ఏ కష్టం వచ్చినా ఎవరో ఒకరు పెద్ద అంకె వేసేస్తుంటే, ఉపాయం చెప్పేవాళ్ళతో ఆటకు అవసరమే లేకుండా పోయింది.

మా తమ్ముడు బంగారు కార్డు అబ్బాయితో గొడవ పెట్టుకున్నాడు. ఆ అబ్బాయి మాట కూడా సరిగ్గా వినాలి. వాళ్ళింట్లో నాలుగు సాంచలున్నాయి. కానీ పాకెట్లు కొన్నది తన పుట్టినరోజు డబ్బుతోనే. “నేను కొన్న, నాకు వచ్చింది. నా నసీబ్. పాచికలో ఇరవై వస్తే నువ్వు ఊకుంటవా? కార్డులో మూడొందలొస్తే తప్పా?” అన్నాడు. మా తమ్ముడు “నీ నసీబ్ కాదది, పైసలు” అన్నాడు. అంతే, ఆట ఆగిపోయింది.

ఆ అబ్బాయి అడిగిన ప్రశ్న చిన్నది కాదు. పాచిక అదృష్టమే, కార్డు అదృష్టమే. మరి తేడా ఎక్కడ? ఆ నాలుగు రోజులు నేను ఫోన్లో దీని గురించే వెతికి చదివాను.

అమెరికాలో కూడా ఇది జరిగిందని అప్పుడే తెలిసింది. రిచర్డ్ గార్‌ఫీల్డ్ అనే గణిత శాస్త్రవేత్త 1993లో మ్యాజిక్: ది గ్యాదరింగ్ అనే కార్డుల ఆట తెచ్చాడు. ఏ కార్డొస్తుందో తెలియని పాకెట్లు కొని, వాటితో ఎవరి కట్ట వాళ్ళు కూర్చుకుని ఆడాలి. విపరీతంగా అమ్ముడుపోయింది. ఆ ఆట వేసిన విజర్డ్స్ ఆఫ్ ది కోస్ట్ కంపెనీయే 1995లో ఎవర్‌వే అనే కథల ఆటను తెచ్చింది. దాన్ని తయారుచేసింది జొనాథన్ ట్వీట్. అందులో పాచికలే లేవు. 36 ముక్కల కట్ట ఒకటి అందరికీ ఉమ్మడిగా ఉంటుంది. కథ నడిపే మనిషి అందులోంచి ఒక ముక్క తీసి, దాని అర్థాన్ని బట్టి ఏం జరిగిందో చెప్తుంది. ఇవి కాక బొమ్మల కార్డులు కొన్ని ఉంటాయి. వాటిని చూసి ఆటగాళ్ళు తమ పాత్రకు ఒక గతం కల్పించుకోవాలి. ఈ బొమ్మల కార్డుల్ని విడిగా పాకెట్లలో కూడా అమ్మారు. అదే కంపెనీ 2010లో గామా వరల్డ్ అనే ఆటకు, 2011లో డంజన్స్ అండ్ డ్రాగన్స్‌కు కూడా ఏదొస్తుందో తెలియని కార్డుల పాకెట్లు తెచ్చింది. రెండోవాటి పేరు ఫార్చూన్ కార్డులు. ఆటగాళ్ళు తమ సొంత కట్ట తెచ్చుకుని, ఆట మధ్యలో ఒక కార్డు తీసి తమ పాత్రకు కొంచెం అదనపు బలం ఇచ్చుకోవచ్చు. ఎక్కువ డబ్బున్నవాళ్ళకు ఎక్కువ బలమా అని అప్పుడు కూడా కొందరు ఆటగాళ్ళు అడిగారు. మంజీర ఒడ్డున మా వాళ్ళు పడ్డ గొడవే అది.

చదువుతుంటే ఒక సంగతి అర్థమైంది. కార్డును రెండు రకాలుగా వాడుకోవచ్చు. ఒకటి దాని అంకె కోసం, రెండోది దాని బొమ్మ కోసం. అంకె కోసం వాడితే, ఏం జరిగిందో కార్డే చెప్పేస్తుంది. కార్డు ఎవరిదైతే కథ వాళ్ళది. బొమ్మ కోసం వాడితే కార్డు ఏమీ చెప్పదు, దాన్ని చూసి మనిషి చెప్పాలి. అప్పుడు 300 అని రాసున్న కార్డు కన్నా 40 అని రాసున్నదానితోనే ఎక్కువ చెప్పగలగవచ్చు.

హాస్టల్లో నా రూమ్మేట్ మ్యాథ్స్ చదువుతుంది. తనకు ఫోన్ చేసి పాకెట్ల లెక్క అడిగాను. మొత్తం 50 రకాల బొమ్మలున్నాయనుకుందాం, అన్నీ ఒకే సంఖ్యలో అచ్చు వేశారనుకుందాం. మొదటి 25 రకాలు చేతికి రావడానికి సగటున 34 కార్డులు చాలు. అంటే ఏడు పాకెట్లు, డెబ్భై రూపాయలు. కానీ 50 రకాలూ రావాలంటే సగటున 225 కార్డులు కొనాలి. 45 పాకెట్లు, 450 రూపాయలు. చివర మిగిలిన ఆ ఒక్క బొమ్మ కోసమే సగటున 50 కార్డులు, వంద రూపాయలు పోస్తాం. ఇది అన్నీ సమానంగా అచ్చువేస్తేనే. బంగారు కార్డు లాంటివి తక్కువ వేస్తారు కాబట్టి అసలు లెక్క ఇంకా పైనే. ముందు చవగ్గా వచ్చేస్తాయి, అలవాటయ్యాక ఖరీదవుతాయి. “ఎవరూ మోసం చెయ్యక్కర్లేదే, లెక్కే అలా ఉంది” అంది నా రూమ్మేట్.

మా నాయనమ్మకు ఈ లెక్కలు తెలియవు, కానీ మొదటిరోజే “పత్తలు ఇంట్ల కనవడొద్దు” అంది. పగారు రోజు సాయంత్రమే పగారంతా పత్తల్లో పోగొట్టుకుని వచ్చిన మగవాళ్ళను, ఆ రాత్రి పొయ్యి వెలగని ఇళ్ళను ఆమె చూసింది. ఆమెకు పత్త అంటే అదే. మేం ఆడేది జూదం కాదని చెప్తే “పైసలు వెట్టినవా లేదా? ఏమొస్తదో తెల్సా లేదా?” అని రెండే ప్రశ్నలు అడిగింది. పాకెట్‌కు సంబంధించినంతవరకు నా దగ్గర జవాబు లేదు.

ఈ విషయంలో మన దగ్గరి కేసే ఒకటుంది. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బులో రమ్మీ ఆడుతున్నవాళ్ళ మీద పెట్టిన కేసు 1967లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. రమ్మీ మూడు ముక్కలాట లాంటిది కాదని కోర్టు చెప్పింది. ఏ ముక్కలు పడ్డాయో గుర్తుపెట్టుకోవాలి, ఏది ఉంచుకోవాలో ఏది పారేయాలో తెలియాలి, కాబట్టి అది ప్రధానంగా నేర్పుతో ఆడే ఆట అంది. ఆ కొలతతో చూస్తే పాకెట్ చింపడంలో నేర్పు ఏముంది? ఉంచుకోవడం, పారేయడం అన్నీ చింపాకే. వీడియో గేముల్లో ఏముందో తెలియకుండా డబ్బు పెట్టి కొనే పెట్టెలు కొన్ని జూదం కిందికే వస్తాయని బెల్జియంలో జూదాన్ని నియంత్రించే సంస్థ 2018లో తేల్చింది. మన భారతంలో కూడా పందెం ఒడ్డింది దుర్యోధనుడు, పాచిక వేసింది శకుని. పెట్టుబడి ఒకరిది, చెయ్యి ఒకరిది. ఆట అక్కడే చెడింది.

కాబట్టి బంగారు కార్డు అబ్బాయి ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇది. పాచిక అదృష్టం అందరి ముందూ, చద్దర్ మీద పుడుతుంది. దానికి ముందు ఆరుగురూ సమానమే. పాకెట్ అదృష్టం దుకాణంలో పుడుతుంది. ఎన్నిసార్లు కొనగలిగితే అన్నిసార్లు పుడుతుంది. అరుగు మీదికి వచ్చేసరికి అది అదృష్టం కాదు, ఆస్తి.

ఐదో రోజు అందరినీ పిలిచాను. మంత్రసాని అమ్మాయిని మా తమ్ముడే వెళ్ళి పిలుచుకొచ్చాడు. తలా ఒక మాట చెప్పారు. ఒకరికి రోజుకు ఒక్క కార్డే అని ఒకరన్నారు. ఎక్కువున్నవాళ్ళు లేనివాళ్ళకు అప్పివ్వాలని ఇంకొకరన్నారు. అప్పు మాటకు ఆ అమ్మాయి మొహం చిన్నబుచ్చుకుంది. చివరికి మరాఠీ ఇంటి పిల్లవాడు ఒకడు “భిశి పెట్టుకుందాం” అన్నాడు. భిశి అంటే మన చిట్టీ లాంటిది. మా వైపు ప్రతి గల్లీలో ఆడవాళ్ళు వేసుకుంటారు. అందరి కార్డులూ ఒక్క కట్టలో కలపాలి, బాగా కలిపి బోర్లించాలి, ఎవరి వంతు వస్తే వాళ్ళు పైముక్క తియ్యాలి. దానికి నేను ఒక షరతు చేర్చాను. అంకె లెక్కలోకి రాదు, బొమ్మే లెక్క. బొమ్మ చూసి ఏం జరిగిందో చెప్పాలి. వినేవాళ్ళు నమ్మేటట్టు ఉంటే అది జరిగినట్టే, నమ్మకపోతే మళ్ళీ అడగొచ్చు.

బంగారు కార్డు అబ్బాయి మామూలు కార్డులన్నీ ఇచ్చాడు. బంగారుది మాత్రం ఇవ్వనన్నాడు. అది తన దగ్గరే ఉంచుకుని ఆడతానంటే కుదరదన్నాం. జేబులో ఉంచుకుంటాను, బయటికి తియ్యను అన్నాడు. సరే అన్నాం.

మళ్ళీ మంజీర ఒడ్డుకే వెళ్ళాం. వాన, వరద, ఆగిన బండ్లు. మంత్రసాని వంతు వచ్చింది. తీసిన ముక్క 40 అంకెది, ఆకు పట్టుకున్న ఒక పచ్చ పురుగు బొమ్మ. ఆ బొమ్మ కట్టలో నాలుగో అయిదో ఉన్నాయి, పిల్లలు దాన్ని చూస్తేనే పక్కన పడేస్తారు. ఆ అమ్మాయి కాసేపు చూసింది.

“ఇది తునికాకు” అంది. “ఒడ్డు మీద అడవుంది. ఆకు కోసేటోళ్ళు ఉంటరు. నది యాడ లోతు లేదో వాళ్ళకెర్కే. వాళ్ళను అడుగుత.”

“వాళ్ళు మనకెందుకు చెప్తరు?” అన్నాడు బంగారు కార్డు అబ్బాయి.

“వాళ్ళింట్ల ఒకామెకు నొప్పులొస్తున్నయి. నేను మంత్రసానిని గద.”

ఎవరూ ఏమీ అనలేదు. బండి తోలేవాడు బండి ఆపి, ఎద్దుల్ని విప్పి, కాన్పు అయ్యేదాకా కాపలా ఉంటానన్నాడు. ఆ పాత్ర వేసేది బంగారు కార్డు అబ్బాయే. నేతగాడు పసిగుడ్డును చుట్టడానికి తను అమ్ముదామని దాచుకున్న బట్ట చింపి ఇచ్చాడు. మంజీర దాటడానికి మాకు రెండు సాయంత్రాలు పట్టింది. అంతకుముందు అది ఒక్క కార్డు దెబ్బకు ఎండిపోయిన నది.

ఒక వారం తర్వాత పాకెట్ బొమ్మలు కూడా మాకు చాలలేదు. ఎన్నిసార్లని మంట కక్కే జంతువును కరువు అంటాం, రెక్కల జంతువును గాలివాన అంటాం? సొంత కట్ట చేసుకుందామని పిల్లలే అన్నారు. మా నాన్న పనిచేసే కార్ఖానాలో భంగార్‌కు వేసిన జకార్డ్ పట్టీలు ఒక మోపు అడిగి తెచ్చారు. గట్టి అట్ట, ఏళ్ళ తరబడి యంత్రం మీద తిరిగినా నలగనిది. అరచేతిలో పట్టేంత ముక్కలుగా కోశాం. ఒక్కొక్కరూ ఇంటి నుంచి ఆరు బొమ్మలు తేవాలి, కొనకూడదు అన్నది నియమం. అగ్గిపెట్టె మీది బొమ్మలు, బీడీ కట్టల లేబుళ్ళు, పాత క్యాలెండర్లోని దేవుళ్ళు, పెళ్ళిపత్రిక మీది ఏనుగు, నోటుబుక్కులో గీసిన బావి. మొత్తం 36 ముక్కలు. ఎవర్‌వే కట్టలో ఎన్నో అన్నే, అది కుదిరిన లెక్కే కానీ అనుకుని చేసింది కాదు. బొమ్మలు ఒకవైపు చిల్లుల్ని కప్పేశాయి, వెనకవైపు అవి కనిపిస్తాయి. ఒక ముక్కకు మూడు, ఇంకోదానికి పదకొండు. అంకె తప్పనిసరిగా కావలసి వస్తే ముక్క తిప్పి ఆ చిల్లులు లెక్కపెడతాం. ఏదో చద్దర్ మీది పువ్వు కోసం ఎవరో కొట్టిన చిల్లులవి. ఆ అంకెను ఎవరూ కొనలేదు, ఎవరూ ముందే అనుకుని వెయ్యలేదు.

ఇలా కట్ట మొత్తం ఒక్కటిగా ఉండడం మనకు కొత్తేమీ కాదు. నిర్మల్‌లోనూ, మహారాష్ట్రలోని సావంత్‌వాడిలోనూ చేతితో బొమ్మలు వేసిన గంజీఫా ముక్కలు తయారుచేసేవారు. దశావతార గంజీఫాలో 120 ముక్కలు, పది అవతారాలకు పన్నెండేసి. కొంటే పది అవతారాలూ కలిసే వస్తాయి. మత్స్యావతారం రాలేదని ఇంకో పాకెట్ చింపే పని లేదు.

పాకెట్లు పూర్తిగా పోయాయని మాత్రం చెప్పను. బడి దగ్గర ఆ ఆట నడుస్తూనే ఉంది, మా తమ్ముడు కూడా ఆడతాడు. పాకెట్ చింపేటప్పుడు ఉండే ఆ ఉత్కంఠ మా అట్టముక్కల కట్టలో లేదు. ముప్ఫై ఆరు బొమ్మలూ అందరికీ తెలిసినవే కాబట్టి కొత్తదనం త్వరగా అరిగిపోతుంది. అందుకే నెలకోసారి తలా ఒక బొమ్మ మారుస్తాం. బంగారు కార్డు ఇప్పటికీ ఆ అబ్బాయి జేబులోనే ఉంది. ఆడేటప్పుడు అప్పుడప్పుడూ తడిమి చూసుకుంటాడు. తనకు ఇష్టమైన వస్తువు అది, ఉండనీ అనిపిస్తుంది నాకు. దాన్ని బయటికి తీసి నది ఎండిపోయిందని అననంతవరకు ఎవరికీ ఇబ్బంది లేదు.

నాయనమ్మ ఇప్పుడు మా కట్టను పత్తలు అనదు, “అట్టముక్కలు” అంటుంది. ఒకసారి కరోడ్‌గిరి నాకా దగ్గర మేం తికమకపడుతుంటే లోపలి నుంచే, బియ్యం మూటలో బట్ట దాచి నాకా దాటించిన సంగతి ఒకటి కేకేసి చెప్పింది. అది ఆటలో చెల్లుతుందా అని పిల్లలు నన్నడిగారు. ఆమె ముక్క తియ్యలేదు కదా అన్నాడొకడు. ఓటు వేసి చెల్లుతుందని తేల్చారు.

మన డిపార్ట్‌మెంట్‌లో కూడా ఇలాంటి కట్ట ఒకటి చేసుకోవచ్చని నా ఆలోచన. కథానికల పేపర్ చదువుతున్నాం, కథ ఎలా మలుపు తిరుగుతుందో పరీక్షలో రాస్తాం. నలుగురం కూర్చుని ఒక కథను నడిపి చూస్తే అది ఇంకొంచెం బాగా తెలుస్తుందేమో. కరీంనగర్ నుంచి షోలాపూర్ దాకానే వెళ్ళాలని లేదు. మీ ఊళ్ళ నుంచి కూడా సూరత్‌కో, భివండికో, దుబాయికో వెళ్ళినవాళ్ళ కథలు మీ ఇళ్ళల్లో ఉండే ఉంటాయి. రావాలనుకునేవాళ్ళు తలా ఆరు బొమ్మలు తీసుకుని శనివారం మధ్యాహ్నం క్లాసయ్యాక సెకండియర్ గదికి రండి. అట్టముక్కలు నేను తెస్తాను. బొమ్మలు కొనకండి, వాటి మీద అంకెలు వెయ్యకండి.